సిన్న డబ్బా

ఆ ప్రోగ్రాం ఆగిపోయేటప్పుడు ఏమీ చెప్పేది కాదు. మామూలుగా ఏ ప్రోగ్రామైనా చెడితే ఫలానా ఫైల్లో ఫలానా వరస దగ్గర తప్పుందని ఏదో ఒకటి గొణుగుతుంది. ఇది అలా కాదు. చక్కగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెర మీద ఒక్క వాక్యం వదిలి మాయమయ్యేది. మెమరీలో తనది కాని చోట చేయి పెట్టింది కాబట్టి ఆపేశామని ఆ వాక్యానికి అర్థం. చేయి పెట్టింది ఎవరో, ఎక్కడో, ఎందుకో అందులో ఉండేది కాదు.

అప్పటికి నేను సింగపూర్ వచ్చి ఏడు నెలలు. యూనివర్సిటీలో ఒక చిన్న ల్యాబ్‌లో రీసెర్చ్ ఇంజినీర్‌గా చేరాను. భూమి లోపలి నీటి గొట్టాలకు చెవి పెట్టి వినడం మా ల్యాబ్ పని. గొట్టానికి మైకు లాంటిది అంటించి చప్పుడు రికార్డు చేస్తాం. నీళ్ళు మామూలుగా పారే చప్పుడు వేరు, సన్నని పగులులోంచి చిమ్మే చప్పుడు వేరు. ఆ తేడా పట్టే లెక్కంతా ఒక పాత లైబ్రరీలో ఉంది. ఈ లైబ్రరీలో పుస్తకాలుండవు. వేరే ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకోవడానికి రాసిపెట్టిన ముక్క అది. దాన్ని చాలా ఏళ్ళ కిందట ఎవరో సి భాషలో రాశారు. మేమందరం రాసేది పైథాన్‌లో. మా పైథాన్ ప్రోగ్రాం ఆ సి లైబ్రరీని పిలిచి, ఇదిగో చప్పుడు, ఇందులో లీకుందా అని అడుగుతుంది. అది జవాబు చెబుతుంది.

ఏళ్ళ తరబడి బాగానే చెప్పింది. అప్పట్లో రికార్డింగులు నాలుగైదు నిమిషాలవి. నేను చేరాక రోజు పొడుగునా రికార్డు చేయడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ గొడవ. చిన్న రికార్డింగు ఇస్తే జవాబు, పెద్దది ఇస్తే చావు. అదీ ప్రతిసారీ కాదు. ఒక్కోసారి పెద్దదీ సాఫీగా నడిచిపోయి నన్ను వెర్రిదాన్ని చేసేది.

"మీరు సి భాష నేర్చుకున్నారు కదా, చూడండి," అన్నారు మా ల్యాబ్ పెద్ద. ఆయన మంచివారే. కానీ నెలలో సగం రోజులు ఏదో ఒక దేశంలో సమావేశాల్లో ఉండేవారు. మిగతా ఇద్దరు పరిశోధక విద్యార్థులకు వాళ్ళ థీసిస్ గొడవ. అలా ఆ పని నా ఒక్కదాని నెత్తిన పడింది.

రెండు భాషల మధ్య తప్పు వెతకడం ఎలా ఉంటుందో చెప్పాలి. పైథాన్‌లో తప్పులు వెతికే సాధనం పైథాన్ వరకే చూడగలదు. సి లైబ్రరీ గుమ్మం దగ్గరకు రాగానే దానికి కళ్ళు కనబడవు. సి వైపు సాధనం ఉంది. అది తీస్తే లైబ్రరీతో పాటు పైథాన్ కడుపులోని పేగులన్నీ బయట పడతాయి, ఏది ఎవరిదో తెలియదు. పోనీ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుందామని మధ్య మధ్య ఒక మాట అచ్చు వేయించాననుకోండి, అది పెట్టగానే ప్రోగ్రాం బుద్ధిగా నడిచేది. తీసేయగానే మళ్ళీ చచ్చేది. రెండు వారాలు అలా గడిచాయి. సాయంత్రం ల్యాబ్ పెద్ద ఫోన్‌లో అడిగేవారు, ఏమైనా తెలిసిందా అని. ఇంకా చూస్తున్నాను అనేదాన్ని.

అప్పుడు నేను క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఇంటావిడ చైనీస్ ఆంటీ. ఆవిడకు వచ్చిన ఇంగ్లీషు నాకు అర్థం కాదు, నా ఇంగ్లీషు ఆవిడకు అర్థం కాదు. ఉతికిన బట్టలు ఆరేసుకునే వెదురు గడ ఖాళీ అయితే తలుపు మీద రెండు సార్లు కొట్టేది, అంతే మా సంభాషణ. శుక్రవారం సాయంత్రం బస్సు దిగుతూ డ్రైవరుకు థాంక్యూ చెబితే, మళ్ళీ సోమవారం ల్యాబ్‌లో గుడ్ మార్నింగ్ చెప్పేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు. తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌లో అన్నం కొనడానికి వేలితో చూపిస్తే చాలు. ఒక సోమవారం పొద్దున గుడ్ మార్నింగ్ అనబోతే గొంతు పెగల్లేదు. జలుబు అని అబద్ధం చెప్పాను. జలుబు లేదు. రెండు రోజులు వాడక గొంతు బిగుసుకుపోయింది.

ఇంటికి ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. చేసేదాన్ని. బాగున్నా, తిన్నా, పని మంచిగ నడుస్తోంది అనేదాన్ని. మూడూ ఒకే గొంతుతో.

మూడో వారంలో, ఇక చేసేదేమీ లేక, ఆ సి ఫైలును నవల చదివినట్టు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ప్రోగ్రాం రాసేవాళ్ళు మధ్యలో తర్వాతివాళ్ళ కోసం నాలుగు మాటలు రాసిపెడతారు. కంప్యూటర్ వాటిని పట్టించుకోదు, అవి మనుషుల కోసం. ఈ ఫైల్లోనూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలే కానీ ఇంగ్లీషు కాదు. ముందున్నవాళ్ళంతా వాటిని దాటుకుని పోయినట్టే నేనూ అన్నాళ్ళూ దాటుకునే పోయాను. మలాయ్ ఏమో అనుకున్నాను.

మా ల్యాబ్‌లో పరికరాలు చూసుకునే ఆవిడ తమిళావిడ, ఇరవై ఏళ్ళుగా అక్కడే పని. ఆ మధ్యాహ్నం నా వెనక నిలబడి తెర వైపు చూసి, "సిన్న అని రాసింది చూడు. తమిళంలో చిన్నది అని. కానీ మిగతాది తమిళం కాదే," అంది.

నేను ఆ వరసను నోట్లోనే కూడబలుక్కున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోతే నా చెవిలో పడింది తెలుగు. *సిన్న డబ్బాలో ఎత్తొద్దు. ఇరిగిపోద్ది.*

ఫైలు మొదటికి వెళ్ళి అలాంటి మాటలన్నీ చదివాను. *ఇక్కడ వానొస్తే తప్పు లెక్కొత్తాది.* *ఇది నా తెలివి కాదు, మేనేజర్ తెలివి, అందుకే ఇలాగుంది.* ఇంకో చోట పని సగంలో ఉండగా, *అమ్మకి ఒంట్లో బాలేదు. మిగతాది సోమారం.* ఆ కింద పది ఖాళీ వరసలు, మళ్ళీ లెక్క మొదలు.

ఏడు నెలల్లో ఆ గదిలో నాకు ఎదురైన మొదటి తెలుగు అది. ఎవరు రాశారో తెలియదు. ఫైలు పైన రెండు పొడి అక్షరాలున్నాయి. వాటిని చూపిస్తే తమిళావిడ గుర్తుపట్టింది. "అరె, ఆయనా! అప్పట్లో మనతో కలిసి పని చేసిన చిన్న కంపెనీ ఒకటుండేది, ఎప్పుడో మూసేశారు. అందులో ఇంజినీరు. మలేషియా మనిషి. నాతో తమిళంలోనే మాట్లాడేవాడు. తమిళుడే అనుకున్నా ఇన్నాళ్ళూ." పాత డైరీలు వెతికి ఇంటి ఫోన్ నంబరు పట్టుకుంది. ఆయన్ను అడిగి చెబుతానంది.

ఆయన్ను కలవకముందే నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఆ మాటకు నా సొంత అర్థం చెప్పుకున్నాను. చిన్న డబ్బా అంటే చప్పుడును ముక్కలు చేసి దాచే చోటు, ఎత్తొద్దు అంటే గొంతు పెంచొద్దు. నిజంగానే ఆ మాటకు కిందే చప్పుడు స్థాయి పెంచే వరస ఒకటుంది. తాళం చెవి దొరికిందనుకుని వారం రోజులు ఆ వరసను పెంచి, తగ్గించి, తీసేసి చూశాను. ప్రోగ్రాం చావడం మానలేదు.

వారం తర్వాత ఆయన నంబరు నా చేతికి వచ్చింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నా పేరు విని ఆయన ఆగాడు.

"తెలుగోళ్ళా?"

"అవునంకుల్. నల్గొండ."

"అదెక్కడమ్మా?"

నేను చెప్పాను. ఆయనకు హైదరాబాద్ తెలుసు, నల్గొండ తెలియదు. "మా తాతలది సికాకోలు పక్క. నాను పుట్టింది మాత్రం మలేషియాలో, పేరా రాష్ట్రం, రబ్బరు ఎస్టేట్‌లో," అన్నాడు. మాట మధ్యలో వెతుక్కుంటూ, ఒక్కో మాట ఒరుసుకుని తీస్తున్నట్టు మాట్లాడాడు. విషయం చెప్పాను. "రా అమ్మా. శనివారం రా. కాపోతే ఒకటి, నాకు కళ్ళు లేవు. నువ్వే సదివి సెప్పాల."

చోవా చూ కాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్ తొమ్మిదో అంతస్తులో. తలుపు తీసింది వాళ్ళమ్మాయి. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి బయల్దేరుతోంది. "యూ ఆర్ ద కంప్యూటర్ వన్, ఈజ్ ఇట్? పాపా వెయిటింగ్ సిన్స్ మార్నింగ్ లా," అని నవ్వి, ఫ్లాస్కులో టీ ఉందని చూపించి వెళ్ళిపోయింది.

ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, ఇంట్లో ఉన్నా బెల్టు. గ్లకోమా. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి ఇప్పుడు మధ్యలో చిన్న బెజ్జం అంత మిగిలిందట. అందులోంచి మనిషి ముఖం ముక్కలు ముక్కలుగా కనబడుతుందట.

"కూకో. మకాన్ అయ్యిందా?"

తిన్నావా అని అడుగుతున్నాడని అర్థమైంది. అయిందన్నాను. ల్యాప్‌టాప్ తెరిచాను.

ప్రోగ్రాంను పైకి చదవడం నాకు కొత్త. కుండలీకరణం, సెమీకోలన్, నక్షత్రం గుర్తు, అన్నీ నోటితో చెప్పాలి. మొదట నవ్వొచ్చింది. పావుగంటకు నవ్వు పోయింది. ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. చూపుడు వేలు కుర్చీ చేతి మీద ఒక్కో వరసకు ఒకసారి కదిలేది. ఉన్నట్టుండి, "ఆగు. ఆ ముందటి వరసలో సున్నా నుంచా, ఒకటి నుంచా?" అనేవాడు. చూసి చెబితే, "సరి, పద," అనేవాడు. రెండు గంటలు చదివాను. అంతసేపు పైకి మాట్లాడి నెలలైంది. గొంతు బొంగురుపోయింది. టీ తాగి మళ్ళీ చదివాను. ఆ రోజు ఏమీ దొరకలేదు.

"వచ్చే శనివారం మిగతాది," అన్నాడు.

రెండో శనివారం సగంలో ఆపి, "అమ్మా, మధ్యలో నాను రాసుకున్నవి ఉంటాయి గదా. అవి సదవడం లేదేటి?" అన్నాడు.

నేను కావాలనే వదిలేశాను. మేనేజర్ మీద రాసినవీ, వాళ్ళమ్మ మీద రాసిందీ ఆయన ముందు పైకి చదవడం ఎలాగో అనిపించింది. ఆ మాటే చెప్పాను. ఆయన నవ్వాడు.

"మేనేజర్ పోయి పదేళ్ళయింది. పాపం, నాకు మంచే సేశాడు. ఇంగ్లీషులో రాస్తే ఆడు సదివేస్తాడు. మలాయ్‌లో రాస్తే సగం ఆఫీసు సదివేస్తాది. తమిళం సెప్పక్కర్లేదు. తెలుగు ఎవురికీ రాదు గదా."

"అంతేనా అంకుల్?"

వేలు ఆగింది. "అమ్మ ఉన్నప్పుడు ఇంట్లో తెలుగే. మా ఆవిడ తమిళం, పిల్లకి ఇంగ్లీషు. అమ్మ మంచాన పడ్డాక నాను తెలుగు మాటాడేది ఆ ఫైల్లోనే. రాత రాదు నాకు. ఎస్టేట్ బడిలో రెండేళ్ళు సదివింది మర్సిపోనాను. అందుకని ఇంగ్లీషు అచ్చరాలు."

మొదటి నుంచి మళ్ళీ చదివాను, ఈసారి ఆయన మాటలతో సహా. వానొస్తే తప్పు లెక్క అన్న చోట, "అవును, ఇప్పుడూ వత్తాదేమో సూడు," అన్నాడు. మిగతాది సోమారం అన్న చోట ముఖం కిటికీ వైపు తిప్పాడు. నేను ఆగాను. బయట పక్క బ్లాకులో ఎవరో పియానో నేర్చుకుంటూ ఒకే ముక్కను తప్పుగా మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు. "ఆ సోమారం రానేదు నాను," అని, కొంచెంసేపటికి, "పద," అన్నాడు.

తర్వాత, పని మొదలుపెట్టే భాగం వచ్చింది. నేను చదివాను. "సిన్న డబ్బాలో ఎత్తొద్దు. ఇరిగిపోద్ది."

"ఏటీ?"

మళ్ళీ చదివాను.

"ఎత్తొద్దు అని నానెందుకు రాస్తాను? అచ్చరాలు సెప్పు."

ఒక్కొక్క అక్షరం చెప్పాను.

"ఎత్తొద్దు కాదమ్మా!" కుర్చీలో ముందుకు వంగాడు. "ఎట్టొద్దు. ఎట్టడం. మీరేటంటారు దాన్ని, పెట్టడమా? సిన్న డబ్బాలో పెట్టొద్దని."

ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకలాగే ఉంటాయి. మా వైపు పెట్టడమే గాని ఎట్టడం లేదు. నేను వారం రోజులు ఎత్తుతూ దించుతూ కూచున్న మాటకు అసలు అర్థం వేరు.

"ఏం పెట్టొద్దు అంకుల్?"

"అడ్రసు. నా లైబ్రరీని పిలిస్తే అది లోపల ఒక చోటు తీసుకుని, ఆ చోటు అడ్రసు మీకిస్తాది. ఆ అడ్రసు పెద్ద అంకె. ఇప్పుడు మా ఇంటికొచ్చావు, బ్లాకు నంబరు, అంతస్తు, ఇంటి నంబరు అన్నీ రాసుకున్నావు గదా. ఇంటి నంబరు మట్టుకే రాసుకుని బ్లాకు నంబరు వొగ్గేస్తే?"

"వేరే బ్లాకులో అదే నంబరు ఇంటి తలుపు కొడ్త."

"ఆళ్ళు కొట్టి తరుముతారు. అదే నీ ప్రోగ్రాం సావు."

నేను అక్కడే, ఆయన పక్కనే, మా పైథాన్ ప్రోగ్రాం తెరిచి చూశాను. లైబ్రరీ ఇచ్చే జవాబు ఏ రకం అంకెనో పైథాన్‌కు మనం చెప్పాలి. చెప్పకపోతే మామూలు చిన్న అంకె అనుకుని, చిన్న చోట్లో పట్టినంత దాచుకుని మిగతా సగం కత్తిరించేస్తుంది. ఎప్పుడో ఒక విద్యార్థి ఈ రెండు భాషలనూ కలిపినప్పుడు ఆ సంగతి చెప్పలేదు. చిన్న రికార్డింగులకు దగ్గరలోనే చోటు దొరికేది, అడ్రసు చిన్నది, చిన్న డబ్బాలో పట్టేది. పెద్ద రికార్డింగుకు ఎక్కడో దూరంగా చోటు దొరికేది, అడ్రసు పొడుగు, సగం తెగిపోయేది. చోటు ఎక్కడ దొరుకుతుందో ఆ పూట ముందు జరిగిన పనుల్ని బట్టి మారుతుంది. నేను మధ్యలో మాటలు అచ్చు వేయిస్తే నడిచిందీ అందుకే.

ఆ విద్యార్థి తప్పు కూడా అనలేను. జాగ్రత్త రాసిపెట్టే ఉంది. చదివే మనిషి లేడు. వచ్చిన మనిషీ తప్పు చదివింది.

ఒక్క వరస చేర్చాను. వచ్చేది అడ్రసు, మొత్తం దాచు అని. సోమవారం ల్యాబ్‌లో రోజు పొడుగు రికార్డింగు ఇచ్చి కూచున్నాను. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, జవాబు వచ్చింది. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ వచ్చింది. తమిళావిడ నా భుజం తట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ల్యాబ్ పెద్దకు వివరంగా ఉత్తరం రాశాను, అంకుల్ సంగతి కూడా. ఏ దేశం విమానాశ్రయం నుంచో రెండు మాటల జవాబు వచ్చింది. చాలా బాగుంది, థాంక్స్. నెలన్నర పనికి అది తక్కువేమీ కాదు, ఆయన తీరే అంత. కానీ ఆ సాయంత్రం ఎవరికైనా పూర్తిగా చెప్పుకోవాలని నాకు ఎంతగా అనిపించిందంటే, బట్టల గడ కోసం తలుపు కొట్టిన ఇంటి ఆంటీకి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, తల ఊపి, నాకు ఒక కమలాపండు ఇచ్చి వెళ్ళిపోయింది.

అంకుల్‌కు ఫోన్ చేశాను.

"నడిచిందంకుల్."

"నడవకేం సేస్తాది! అయితే అయిపోనాది పని."

"అయిపోయింది."

"సరి అమ్మా, బాగుండు," అని పెట్టేశాడు.

తర్వాతి శనివారం నేను వెళ్ళలేదు. ఆ తర్వాతి శనివారం కూడా. పని లేకుండా ఒక పెద్దాయన ఇంటికి ఏ వంకతో వెళ్ళాలి? పిలవలేదు కదా అనుకున్నాను. ఆయన ఏమనుకుంటున్నాడోనని నేను, నేనేమనుకుంటానోనని ఆయన ఆగి ఉండొచ్చని అప్పట్లో తోచలేదు. ఒంటరిగా ఉండి ఉండి మనిషికి ఒక రకం పొగరు పడుతుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టను అని దానికి మంచి పేరు పెట్టుకుంటాం. ఆ శనివారాలు హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసుకుని, అంటే ఇది నాదని ఆపుకుని, అన్నం తెచ్చుకుని, ఎదురుగా కూచున్న తెలియనివాళ్ళ ప్లేట్లు చూస్తూ తిన్నాను.

ఆరు వారాల తర్వాత ఒక శనివారం పొద్దున ఫోన్ చేశాను. "అంకుల్, మళ్ళ ఏదో తప్పొస్తుంది. ఒకసారి చదువుతా వింటారా?"

"రా, రా," అన్నాడు.

తప్పేమీ లేదు. ప్రోగ్రాం రోజూ బ్రహ్మాండంగా నడుస్తోంది. రైల్లో కూచుని, ఏ భాగం చదివితే అనుమానం రాదా అని వెతుక్కున్నాను. వాన చప్పుడును వేరు చేసే భాగం ఎంచుకున్నాను. పొడుగ్గా ఉంటుంది, చిక్కుగా ఉంటుంది.

ఆయన మునుపటిలాగే కిటికీ పక్కన ఉన్నాడు. టీ పోసుకోమన్నాడు. నేను చదివాను. కళ్ళు మూసుకుని, వేలు కదుపుతూ విన్నాడు. రెండు చోట్ల ఆపి అడిగాడు, రెండు చోట్లా సరిగ్గానే ఉంది. ముప్పావు గంట గడిచాక వేలు ఆపాడు.

"ఇందులో తప్పేటీ లేదు గదమ్మా."

అబద్ధం ఇంకొంచెం సాగదీయొచ్చు. ఇంకో ఫైల్లో ఉందేమో అనొచ్చు.

"లేదంకుల్."

ఆయన ఏమంటాడోనని చూశాను. ముఖంలో కోపం లేదు, నవ్వూ లేదు. కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు.

"అయితే నెమ్మదిగా సదువు. ఆ తొందరేటి?"

భాగం చివరిదాకా చదివాను. ఆ తర్వాత వంకలు మానేశాను. రెండు వారాలకోసారి వెళ్ళేదాన్ని. ఆయనకు తెలియని తెలుగు మాటలు నేను చెప్పేదాన్ని, నాకు తెలియనివి ఆయన చెప్పేవాడు. ఒక్కోసారి ఇద్దరికీ మాట దొరక్క ఇంగ్లీషులో పడేవాళ్ళం. వాళ్ళమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి, "వా, స్టిల్ టాకింగ్ ఆ?" అని నవ్వి నిద్రకు పోయేది. దీంతో నా ఒంటరితనం తీరిపోయిందని చెప్పను. తీరలేదు. రెండు గంటలు తెలుగు మాట్లాడి వచ్చిన సాయంత్రం నా గది మామూలు కంటే ఎక్కువ నిశ్శబ్దంగా ఉండేది. అయినా వెళ్ళేదాన్ని.

ఏడాది తిరిగేసరికి ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆ లెక్కనంతా పైథాన్‌లోనే మళ్ళీ రాసింది. బాగా రాసింది, వేగంగా నడుస్తుంది, రెండు భాషల పేచీ లేదు. కొన్ని నెలలు రెండూ పక్కపక్కన నడిపి జవాబులు ఒకటేనని తేల్చుకున్నాక పాతది తీసేయమన్నారు. తీసేసే పని నాకే వచ్చింది, అది తెలిసిందాన్ని నేనే కాబట్టి. ఒక బుధవారం మధ్యాహ్నం ఫోల్డర్ మొత్తం ఎంచి తీసేశాను. నిమిషం పట్టలేదు. తర్వాత కిందికి వెళ్ళి బస్టాప్‌లో కూచుని రెండు బస్సులు వదిలేశాను.

అంకుల్‌కు చెప్పాలా వద్దా అని ఆ వారమంతా ఊగిసలాడాను. ఆయన అడగడు కూడా. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. శనివారం టీ అయ్యాక చెప్పేశాను.

"అంకుల్, మీ లైబ్రరీ తీసేసిన్రు."

ఆయన తల నా వైపు తిప్పాడు, ఆ మిగిలిన కాస్త చూపులోకి నా ముఖం తెచ్చుకోవడానికి. ఎప్పుడూ అలా రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పితే గాని దొరికేది కాదు.

"ఎవురు తీసినారు?"

"నేనే."

"అలాగా," అన్నాడు. వేలు కుర్చీ చేతి మీద ఒకసారి కదిలింది. "మంచిదే. ఎవురో తెలీనోళ్ళు తీసేకన్నా."

ఆ పూట వాళ్ళమ్మాయి ఇంట్లోనే ఉంది. కింద హాకర్ సెంటర్‌లో చేపల పులుసు దొరికే రోజట, ముగ్గురం వెళ్దామంది. లిఫ్ట్ దగ్గర ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. కళ్ళు లేనివాళ్ళు పట్టుకున్నట్టు గట్టిగా కాదు, తేలిగ్గా. కింద గాలి వేడిగా ఉంది. "ఎండగుందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఎటువైపు నీడ ఉందో చెప్పి, అటు నడిపించాను.